ఎదిగే పిల్లల ఆట - రహీం మాస్టారి బాట

సావనీరుకు వ్యాసం రాస్తానని చెప్పగానే మా గదిలోని మిత్రులు నవ్వారు. జువాలజీ చదివేవాడు ఏ కప్ప గురించో, కాకపోతే వానపాము గురించో రాయాలి గాని ఫుట్‌బాల్ కోచ్ గురించి రాయడమేమిటని వాళ్ళ ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం. సయ్యద్ అబ్దుల్ రహీం గారి గురించి క్రీడాభిమానులు చాలా రాశారు. 2024లో వచ్చిన 'మైదాన్' హిందీ సినిమాతో ఆటలంటే తెలియనివారికి కూడా ఆయన పేరు తెలిసింది. అయితే ఆయన సాధించిన పతకాలు మాత్రమే చెప్పుకుంటే సగం జీవితమే చెప్పుకున్నట్లు. రహీం గారు మొదట బడిపంతులు. ఆ తరువాతే కోచ్. మరిచిపోతున్న ఆ మొదటి సగాన్ని ఒక సైన్సు విద్యార్థి కళ్ళతో చూడాలని నా చిన్న ప్రయత్నం.

అంతకంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మేం నలుగురం గడ్డిఅన్నారంలో ఒక అద్దె గదిలో ఉంటాం. పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయినప్పటినుంచి తెల్లవారుజామున లారీల గోల లేదు. ఆదివారాలు పొద్దున్నే దగ్గర్లోని ఖాళీ జాగాలో చుట్టుపక్కల పిల్లలతో ఫుట్‌బాల్ ఆడిస్తుంటాం. నేర్పుతున్నాం అనడం పెద్ద మాట. మాకు వచ్చింది వాళ్ళకు చూపిస్తాం, అంతే. పోయిన వానాకాలం పక్క కాలనీ పిల్లలతో ఒక మాచ్ కుదిరింది. పద్ధెనిమిది మందిలోంచి పదకొండు మందిని ఏరాలి. అందరూ పన్నెండు, పదమూడేళ్ళ వాళ్ళే. నేను రెండు నిమిషాల్లో ఏరేశాను. పొడుగ్గా ఉన్నవాళ్ళు, తంతే బంతి దూరం పోయేవాళ్ళు లోపల. మిగతావాళ్ళు బయట.

బయట మిగిలినవాళ్ళలో ఎనిమిదో తరగతి చదివే బక్కపిల్లవాడు ఒకడున్నాడు. వాడు ఏడవలేదు, ఎందుకని అడగనూ లేదు. అందరి నీళ్ళ సీసాలూ ఒకచోట చేర్చి వాటి పక్కన కూచున్నాడు. మాచ్ మేమే గెలిచాం. గెలిచాం గనుక నేను చేసింది సరైనదే అనుకున్నాను.

కాని వాడు అట్లా కూచోవడం నాకు బాగా తెలిసిన కూచోవడమే. పదమూడేళ్ళప్పుడు నేనూ అట్లాగే కూచున్నాను. మాది సూర్యాపేట వైపు వ్యవసాయ కుటుంబం. మా బడిలో జట్టు ఏరినప్పుడు వరుసలో నిలబెట్టి, ఎత్తు చూసి నన్ను పక్కకు జరిపారు. ఆ బడి పేరు, ఆ సారు పేరు ఇక్కడ అనవసరం. పదహారో ఏట ఒక్క సంవత్సరంలోనే నాలుగంగుళాలు పెరిగాను. అప్పటికి ఆట మానేసి మూడేళ్ళయింది. ఎత్తయితే వచ్చింది, పోయిన ఆట మాత్రం తిరిగి రాలేదు.

మాచ్ అయిపోయాక, రోజూ ఆట చూడటానికి వచ్చే ఒక పెద్దాయన నన్ను పిలిచి, రహీం సాహెబ్ కాలంలో అయితే ఈ పిల్లలందరినీ ఎడమకాలితో ఆడించి చూసేవారని, అప్పుడు తెలిసేది ఎవరి పని ఏమిటోనని అని వెళ్ళిపోయారు. ఆ మాటే నన్ను రహీం గారి జీవితం దాకా తీసుకుపోయింది.

చాదర్‌ఘాట్ పంతులు

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. మన ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి. యూనివర్సిటీ జట్టులోను, ఆ తరువాత నగరంలోని క్లబ్బుల్లోను ఆడి మంచి ఆటగాడు అనిపించుకున్నారు. బతుకుతెరువుకు ఎంచుకున్నది మాత్రం ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ మిడిల్ స్కూలులో, దారుల్ ఉలూంలో, చాదర్‌ఘాట్ హైస్కూలులో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా తీసుకుని పిల్లల ఆటల బాధ్యత చూసుకున్నారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠీ పోయే మా బస్సు రోజూ చాదర్‌ఘాట్ మీదుగానే పోతుంది. మలక్‌పేట దాటి మూసీ వంతెన ఎక్కినప్పుడల్లా ఇప్పుడు నాకు ఆయనే గుర్తొస్తారు.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. ప్రాణం పోయేదాకా ఆ బాధ్యత వదలలేదు. 1950 నుంచి సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చారు. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాద్ సిటీ పోలీసుదే. ఇవన్నీ క్రీడా చరిత్రలో ఉన్న విషయాలే. నన్ను ఆకర్షించింది మరొకటి. నగరంలో కుర్రవాళ్ళ కోసం ఆయన పెట్టించిన విచిత్రమైన పోటీలు.

ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతిని కాలి దగ్గరే పెట్టుకుని ఎదుటివాళ్ళను తప్పించుకుంటూ పరుగెత్తగూడదు. అందిన బంతిని వెంటనే తోటివాడికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో అలవాటులేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటంవాడు ఎడమకాలు తప్ప మరొకటి వాడగూడదు. చూసేవాళ్ళకు ఇది వినోదంలాగా అనిపించి ఉండవచ్చు. కాని ఎదిగే పిల్లల శరీరం గురించి నాలుగు ముక్కలు చదివినవాడికి ఇందులో ఒక గొప్ప యుక్తి కనిపిస్తుంది. అది చెప్పాలంటే ఒక్క క్షణం రహీం గారిని చాదర్‌ఘాట్‌లోనే వదిలి మా నాయిన పొలానికి పోవాలి.

కాగితం వయస్సు, శరీరం వయస్సు

మా పొలంలో ఒక మడిలో బీపీటీలు, మరో మడిలో వెయ్యిపది వేస్తారు. వెయ్యిపది సుమారు నూట ఇరవై రోజుల పంట. బీపీటీ, అనగా సాంబ మసూరి, నూట యాభై రోజుల దాకా తీసుకుంటుంది. రెండూ ఒకేరోజు నారు పోసినా, వెయ్యిపది పొట్టకొచ్చి ఈనే వేళకు బీపీటీ ఇంకా పచ్చగా నిలబడి ఉంటుంది. అంతమాత్రాన బీపీటీ పనికిరాని వడ్లని మా నాయిన దాన్ని దున్నేయడు. ఏ గింజ కాలం ఆ గింజది అని రైతుకు తెలుసు. బడిలో మాత్రం మనం ఆ సంగతి మరిచిపోతాం.

మనిషి ఎదుగుదల కూడా ఇట్లాంటిదే. ఫ్రాన్సులో మోంబెయార్ అనే ప్రభువు 1759 నుంచి 1777 వరకు తన కొడుకు ఎత్తును క్రమంగా కొలిచి రాసిపెట్టాడు. ఒకే బిడ్డను అంత కాలం కొలిచిన మొట్టమొదటి లెక్క అదేనంటారు. ఆ లెక్కను గీతగా గీస్తే, ఏటేటా తగ్గుతూ వచ్చిన ఎదుగుదల వేగం యవ్వనారంభంలో ఒక్కసారిగా పైకి లేచి, మళ్ళీ పడిపోవడం కనిపిస్తుంది. ఈ ఉరుకు మగపిల్లల్లో సగటున పద్నాలుగో ఏట, ఆడపిల్లల్లో పన్నెండో ఏట శిఖరానికి చేరుతుంది. ఏడో తరగతిలో అమ్మాయిలు అబ్బాయిలకంటే పొడుగ్గా కనిపించడానికి కారణం ఇదే. సగటు పద్నాలుగు అన్నామే గాని, ఒకడికి పన్నెండుకే వస్తుంది, ఒకడికి పదహారు దాకా రాదు. కాబట్టి ఒకే బెంచీమీద కూచున్న ఇద్దరు పదమూడేళ్ళ పిల్లల కాగితం వయస్సు ఒకటే అయినా, శరీరం వయస్సులో నాలుగైదేళ్ళ తేడా ఉండవచ్చు.

ముందు పండిన పిల్లవాడికి కండ ఎక్కువ, పరుగు ఎక్కువ, తన్నులో జోరు ఎక్కువ. దాన్ని చూసి మనం వాడికి ఆట వచ్చని అనుకుంటాం. నిజానికి వాడికి వచ్చింది బలం. బలం వేరు, నేర్పు వేరు. బంతి వచ్చే దారిని కన్ను అంచనా వేయడం, మెదడు నిర్ణయించడం, నరాలు ఆ ఆజ్ఞను మోయడం, కాలు సరిగ్గా ఆ క్షణానికి కదలడం - ఈ పొందికే నేర్పు. దానికి కూడా శరీరం పండాలి. 1929లో గెసెల్, థామ్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు కవలలైన ఇద్దరు పసిపాపలమీద ఒక పరిశీలన ప్రకటించారు. ఒక పాపకు 46 వారాల వయస్సునుంచి ఆరువారాలు మెట్లెక్కడం నేర్పారు. రెండో పాపకు 53 వారాలు వచ్చేదాకా ఏమీ నేర్పకుండా, తరువాత రెండు వారాలే నేర్పారు. రెండోది మొదటిదాన్ని అందుకుంది. నరాలు, కండరాలు సిద్ధం కాకముందు ఎంత తొందరపెట్టినా లాభం తక్కువని దీని సారాంశం. అయితే శరీరం సిద్ధమైనంత మాత్రాన నేర్పు దానంతట అదే రాదు. సాధన కావాలి. సాధనకు అవకాశం కావాలి. నాకు పదహారో ఏట లేనిది అదే.

మరో చిక్కు కూడా ఉంది. ఉరుకు వచ్చినప్పుడు ముందు కాళ్ళు పొడుగవుతాయి, తరువాత మొండెం సాగుతుంది. కండబలం ఆ తరువాత గాని పూర్తిగా అందుకోదు. ఈ మధ్యకాలంలో కొందరు పిల్లలు నిన్నటిదాకా చక్కగా ఆడినవాళ్ళే తడబడతారు, వాళ్ళ కాళ్ళు వాళ్ళకే అడ్డం పడతాయి. అందరికీ ఇట్లా కాదు, అయినవాళ్ళకు కూడా శాశ్వతం కాదు. సంగతి తెలియని పెద్దలు మాత్రం వాణ్ణి బద్ధకస్తుడంటారు.

ఇప్పుడు మళ్ళీ చాదర్‌ఘాట్‌కు వద్దాం.

నియమం మార్చిన మాస్టారు

రహీం గారు జీవశాస్త్రజ్ఞుడు కాదు. ఈ ముడి నేను వేస్తున్నదే. కాని ఆయన పోటీల నియమాలు ఏం చేస్తాయో చూడండి. డ్రిబ్లింగ్ తీసేయగానే బలవంతుడు అందరినీ తోసుకుంటూ గోలుదాకా పరుగెత్తే మార్గం మూసుకుపోతుంది. బంతి అందకముందే ఎవరికివ్వాలో చూసుకున్నవాడిదే పైచేయి. చిన్న శరీరం అక్కడ లోటు కాదు. ఎడమకాలితోనే ఆడమనగానే, కుడికాలిలో ఇన్నేళ్ళుగా పేరుకున్న జోరు పనికిరాకుండా పోతుంది. పెద్దవాడూ చిన్నవాడూ ఇద్దరూ మొదటి తరగతిలోనే కూచుంటారు. ఎవడు త్వరగా నేర్చుకుంటాడో అప్పుడు బయటపడుతుంది. అంటే రహీం మాస్టారు ఎత్తు, బరువు, కండ అనే మూడింటినీ పక్కనపెట్టి నేర్పును ఒంటరిగా నిలబెట్టి చూశారన్నమాట. మేం ప్రయోగశాలలో ఒక కారణాన్ని పరీక్షించాలంటే మిగతావన్నీ సమానం చేస్తాం. ఆయన ఆ పని మైదానంలో చేశారు.

ఈ పద్ధతివల్ల మేలు చిన్నవాళ్ళకే కాదు. ముందే పండిన పిల్లవాడు బలంతోనే గెలుస్తుంటే నేర్పు నేర్చుకునే అవసరం వాడికి కలగదు. పదిహేడేళ్ళకు మిగతావాళ్ళు ఎత్తులో అందుకున్నప్పుడు వాడి చేతిలో ఏమీ మిగలదు. 2015లో ఇంగ్లండులోని ప్రీమియర్ లీగ్ అకాడమీలు ఒక పోటీ పెట్టి, పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలను వయస్సునుబట్టి కాక, పెద్దయ్యాక రాగల ఎత్తులో ఇప్పుడు ఎంత శాతం వచ్చిందనే లెక్కనుబట్టి జట్లు చేశాయి. తొందరగా పండినవాళ్ళు, ఇక్కడ బలం చాలక బుర్రా నేర్పూ వాడాల్సి వచ్చిందన్నారు. ఆలస్యంగా పండేవాళ్ళు, తమ ఆట చూపించే వీలు దొరికిందన్నారు. ఆ మేలునే మన హైదరాబాదు పంతులు అంతకు అరవై ఏళ్ళ ముందు కొలతలు లేకుండా, ఆట నియమం మార్చి సాధించారని నాకనిపిస్తుంది.

ఎన్నుకోవడం ఒక్కటే చాలదని కూడా ఆయనకు తెలుసు. సికింద్రాబాదు అవతల అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవాడు ఉండేవాడు. అతని ఆట రహీం గారి కంటబడింది. సాధనకు హైదరాబాదు దాకా రావడానికి ఆ కుర్రవాడి దగ్గర డబ్బుల్లేవు. అద్దె సైకిలుకని రహీం గారు రోజుకో రూపాయి తన జేబులోంచి ఇచ్చేవారు. పంతులు జీతంలో ఆ రూపాయి విలువ ఎంతో పాఠకులే ఊహించుకోవచ్చు. ఆ కుర్రవాడే ఇరవై ఏళ్ళకు ఒలింపిక్స్‌లో ఆడాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీమీదా, పెరూమీదా గోల్స్ కొట్టాడు. 2023లో బలరాం గారు కన్నుమూసినప్పుడు పత్రికలన్నీ ఆ సైకిలు కథను మళ్ళీ గుర్తుచేసుకున్నాయి.

హెల్సింకీ నుంచి జకార్తా దాకా

దేశపు జట్టుకు రహీం గారు శిక్షకులుగా ఉన్న కాలాన్ని భారత ఫుట్‌బాల్ స్వర్ణయుగం అంటారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి మనవాళ్ళు స్వర్ణం గెలిచారు. మరుసటి ఏడే పెద్ద దెబ్బ తగిలింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతోనే ఆడారు. చిన్నప్పటినుంచి వట్టి పాదానికి అలవాటైన బంతి స్పర్శ బూటు తొడిగితే ఒక్కరోజులో రాదు. అదీ ఎదిగే వయస్సులోనే పాదానికి నేర్పవలసిన విద్య. ఆ ఓటమి తరువాత దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు.

నాలుగేళ్ళు గడిచాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన జట్టులో బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్ మొదలైన హైదరాబాదీలు ఉన్నారు. ఆస్ట్రేలియామీద మనం 4-2తో గెలిచాం. అందులో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొట్టమొదటి ఆసియా దేశం మనదే. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 4-1తో, ఆ తరువాత బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. శరీర దార్ఢ్యంలో యూరపువాళ్ళ ముందు మనవాళ్ళు బక్కవాళ్ళే. బంతిని నేలమీదే ఉంచి, ఒక్క తాకుతో చేతులు మార్చినట్లు కాళ్ళు మార్చే ఆటతోనే అంతదూరం వచ్చారు. హైదరాబాదు పోటీల్లో రహీం గారు నేర్పించింది అట్లాంటి ఆటే.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఆయన చివరి పెద్ద విజయం. మొదటి మాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. ఫైనల్లో మళ్ళీ వాళ్ళే ఎదురయ్యారు. సెప్టెంబరు 4న లక్షమంది కిక్కిరిసిన స్టేడియంలో, రాజకీయ కారణాలవల్ల జనమంతా మనకు వ్యతిరేకంగా కేకలేస్తుండగా ఆడాల్సి వచ్చింది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం గారు అతణ్ణి ముందువరుసకు మార్చి ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ కుట్ల తలతోనే జర్నైల్ సింగ్ ఒక గోలు కొట్టగా 2-1తో స్వర్ణం మనదయింది. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు మళ్ళీ స్వర్ణం రాలేదు.

అప్పటికే ఆయన ఆరోగ్యం పాడైపోయింది. ఊపిరితిత్తుల కాన్సర్. జకార్తా నుంచి వచ్చిన ఏడాదికల్లా, 1963 జూన్ 11న, యాభైమూడేళ్ళ వయస్సులో రహీం గారు కన్నుమూశారు. ఆయన కుమారుడు హకీం గారు కూడా 1960 ఒలింపిక్ జట్టులో సభ్యుడు. తండ్రి బాటలో నడిచి ఆయన 2021లో మరణించారు. ఒకనాడు ఒలింపిక్ జట్టుకు ఆటగాళ్ళను వరుసగా పంపిన నగరంలో ఇప్పుడు పిల్లలకు బంతి తన్నే జాగా దొరకడమే గగనమైంది.

మళ్ళీ మా జాగాకు

ఇదంతా చదివాక వచ్చిన ఆదివారం నుంచి మేం ఒక నియమం పెట్టుకున్నాం. మొదటి అరగంట అందరూ వాటంకాని కాలితోనే ఆడాలి. తరువాత అరగంట డ్రిబ్లింగ్ లేదు. మొదటివారం గందరగోళమే. మా జట్టులో అందరికన్నా పెద్దవాడు, మొన్నటి మాచ్‌లో రెండు గోల్స్ కొట్టినవాడు, ఎడమకాలితో బంతి తగలక రెండుసార్లు పడి, మూడోసారి కోపమొచ్చి ఇంటికి వెళ్ళిపోయాడు. వాడి ఇంటికి పోయి బతిమాలి తీసుకురావడానికి నాకు రెండు వారాలు పట్టింది.

నీళ్ళ సీసాల దగ్గర కూచున్న బక్కపిల్లవాడు మాత్రం డ్రిబ్లింగ్ లేని ఆటలో అందరికంటే ముందున్నాడు. కారణం ఆలోచిస్తే తెలిసింది. బంతి దగ్గర పెట్టుకుంటే పెద్దవాళ్ళు గుంజుకుంటారు గనుక, వాడు ఇన్నాళ్ళూ బంతి రాకముందే ఎవరికివ్వాలో చూసుకోవడం తనంతట తానే నేర్చుకున్నాడు. ఆ నేర్పు మొదటినుంచీ నా కళ్ళముందే ఉంది. నేను ఎత్తు చూస్తూ దాన్ని చూడలేదు.

వాడు పెద్ద ఆటగాడవుతాడని నేను చెప్పబోవడం లేదు. బహుశా కాకపోవచ్చు. మొన్న వాడు నా పక్కన నిలబడి, తానెప్పుడు పొడుగవుతానని అడిగాడు. ఆ సంగతి చెప్పడం నా చేతిలో లేదని, అందాకా ఆట మానకుండా ఉండటం మాత్రం మనిద్దరి చేతిలో ఉందని చెప్పాను. ఎప్పుడో వచ్చే ఎత్తు వచ్చేసరికి వాడి కాళ్ళలో ఆట బతికి ఉంటే నాకు చాలు.

మిత్రులారా! మనలో చాలామందిమి రేపు బడుల్లో, కాలేజీల్లో అధ్యాపకులం అవుతాం. ఆటల్లోనే కాదు, చదువులో కూడా ముందు పండినవాణ్ణి చూసి తెలివైనవాడనీ, వెనక పండేవాణ్ణి చూసి పనికిరాడనీ తీర్పు చెప్పే అధికారం మన చేతికి వస్తుంది. పద్దెనిమిది మందిని రెండు నిమిషాల్లో ఏరడం ఎంత సులువో నాకు తెలుసు. ఆ వేళ వచ్చినప్పుడు, జేబులోంచి రోజుకో రూపాయి తీసిచ్చిన ఆ చాదర్‌ఘాట్ పంతులును ఒక్కసారి తలచుకుందాం. మనందరికీ ఆయన మన యూనివర్సిటీ పూర్వవిద్యార్థి కూడా కదా.